ఎలుకల చర్మవ్యాధి - ఆరవ 'బి' విటమిను చరిత్ర

కొండను తవ్వి ఎలుకను పట్టినట్లని మనవాళ్ళు సామెత చెబుతారు. పెద్ద ప్రయత్నానికి చిన్న ఫలితం దక్కినప్పుడు వాడే మాట అది. పోషణశాస్త్ర చరిత్రలో ఈ సామెత అక్షరాలా జరిగిన సందర్భం ఒకటి ఉన్నది. లక్షలాది మనుషులను పీడించిన ఒక చర్మవ్యాధికి కారణం వెదుకుతూ శాస్త్రజ్ఞులు కొండంత పని చేశారు. తీరా వారి చేతికి చిక్కింది ఎలుకల జబ్బు! అది మనిషి జబ్బు కాదని నిశ్చయంగా తేలడానికి సుమారు పది సంవత్సరాలు పట్టింది. కాని ఆ ఎలుకను అవతల పారవేయక, దాని చర్మాన్ని మరింత శ్రద్ధగా పరిశీలించిన వారికి ఒక కొత్త విటమిను దొరికింది.

తరగతిలో విటమినుల పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఎలుకకు వచ్చిన జబ్బును చూచి మనిషికి మందు ఎలా చెప్పగలరండీ?" అని. ఇది అడగవలసిన ప్రశ్నే. దీనికి ఒక్క మాటలో అవుననో కాదనో జవాబు చెప్పడం కంటె, ఎలుక చర్మం చుట్టూ నడిచిన ఈ కథ చెప్పడమే మేలని నాకు తోస్తుంది.

గరుకు చర్మపు వ్యాధి

1735లో స్పెయిన్ దేశంలోని ఆస్టూరియాస్ ప్రాంతంలో కాసల్ అనే వైద్యుడు పేద రైతులలో ఒక వింత వ్యాధిని గమనించాడు. చేతులు, పాదాలు, మెడ - అనగా ఎండ తగిలే చోట్ల - చర్మం మొదట కమిలినట్లు ఎర్రబారుతుంది. తరువాత నల్లబడి, మందమై, పగిలి, పొలుసులుగా రాలుతుంది. మెడ చుట్టూ ఈ మచ్చ కంఠహారంలాగా కనబడుతుంది. పిమ్మట నోరు, నాలుక పూస్తాయి, విరేచనాలు పట్టుకుంటాయి, చివరకు మతి చలిస్తుంది. చికిత్స లేకపోతే ప్రాణమే పోతుంది. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపొల్లి ఈ వ్యాధిని 'పెల్లాగ్రా' అనే పేరుతో వర్ణించాడు. వారి భాషలో ఆ మాటకు గరుకు చర్మం అని అర్థం. మొక్కజొన్న పేదవాని ప్రధానాహారమైన చోటులనే ఈ వ్యాధి ఎక్కువగా కనబడుతూ వచ్చింది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా విజృంభించింది. 1907లో అలబామా రాష్ట్రంలోని ఒక మానసిక చికిత్సాలయంలో అది పెద్ద ఎత్తున బయటపడింది. ఆ తరువాత మూడు దశాబ్దాలలో ఆ దేశంలో సుమారు 30 లక్షల మంది ఈ వ్యాధికి గురి అయినారనీ, లక్ష మంది వరకు మరణించారనీ అంచనా. ఇది ఏదో సూక్ష్మజీవి వలన వచ్చే అంటువ్యాధి అని అప్పటి వైద్యులలో చాలామంది నమ్మారు.

1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఈ సమస్యను జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యునికి అప్పగించింది. ఆయన చికిత్సాలయాలను, అనాథాశ్రమాలను తిరిగి చూచి, ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. రోగులకు పెల్లాగ్రా వస్తున్నది. రాత్రింబవళ్ళు వారిని తాకి సేవచేసే నర్సులకు మాత్రం రావడంలేదు. అంటువ్యాధికి ఇంత మర్యాద ఎక్కడిది? తేడా తిండిలోనే ఉండాలని ఆయన ఊహించాడు. మిసిసిపీ రాష్ట్రంలో రెండు అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు సమృద్ధిగా ఇప్పించాడు. పెల్లాగ్రా దాదాపు పూర్తిగా మాయమైంది. 1915లో అదే రాష్ట్రంలో, క్షమాభిక్ష మీద విడుదల చేస్తామన్న షరతుతో ముందుకు వచ్చిన ఖైదీలకు మొక్కజొన్న పిండి, తెల్లబియ్యం, పానకం వంటి ఆహారాన్నే ఇచ్చాడు. నెలలు గడిచేసరికి 11 మందిలో 6 గురికి చర్మలక్షణాలు తేలాయి. ఖైదీలపై ఇట్టి ప్రయోగాన్ని నేటి వైద్యనీతి అంగీకరించదు. కాని పెల్లాగ్రా తిండి లోపం వలన వచ్చే జబ్బని అది స్పష్టంగా చూపింది.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. తిండిలో లోపించినది ఏమిటి? గోల్డ్‌బర్గర్ దానికి 'పెల్లాగ్రాను నివారించే పదార్థం' అనే అర్థంలో 'పి-పి' అని పేరుపెట్టాడు. పేరైతే పెట్టాడు గాని, పదార్థాన్ని పట్టుకోవాలంటే ఆహారాన్ని వందల భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగాన్నీ తినిపించి చూడాలి. ఈ పని మనుషులపై సాధ్యం కాదు. కనుక జంతువు కావలసివచ్చింది.

ఎలుకనే ఎందుకు ఎన్నుకుంటారు?

పోషణశాస్త్ర ప్రయోగశాలలలో తెల్ల ఎలుకకు అప్పటికే పెద్దపీట వేశారు. అది చిన్నది; కొద్ది తిండితో పెరుగుతుంది; మూడు వారాలకు తల్లిపాలు మానుతుంది; మనిషికి సంవత్సరాలు పట్టే ఎదుగుదల దానికి వారాలలో పూర్తవుతుంది. మనవలెనే అన్ని రకాల తిండీ తింటుంది.

ప్రయోగ విధానం ఇది. పాలు మానిన ఎలుక పిల్లలను తీసుకొని, శుద్ధిచేసిన పదార్థాలతో కృత్రిమాహారం ఇస్తారు. మాంసకృత్తుల కొరకు పాలు విరిచి తీసిన కేసిన్, శక్తి కొరకు పిండి లేక పంచదార, కొంత కొవ్వు, ఖనిజ లవణాల మిశ్రమం - వీటికి తెలిసిన విటమినులన్నీ చేర్చి, పరీక్షించదలచిన ఒక్కదానిని మాత్రం విడిచిపెడతారు. ప్రతి ఎలుకనూ తూచి, చర్మం, కళ్ళు, వెంట్రుకలు పరీక్షించి పుస్తకంలో వ్రాస్తారు. గూటికి అడుగున పలక కాక తీగెల జల్లెడ అమర్చుతారు. కారణమేమంటే, ఎలుకలకు తమ పెంటికలు తామే తినే అలవాటు ఉన్నది. వాటి ప్రేగులలోని సూక్ష్మజీవులు కొన్ని విటమినులను తయారుచేస్తాయి. పెంటికలు తిన్న ఎలుకకు ఆ విటమిను దొడ్డిదారిన అందుతుంది. లోపం కనబడవలసిన చోట కనబడదు.

ఈ పద్ధతిలో చర్మం ఒక పలకలాంటిది. లోపల జరిగే లోటు ఆ పలక మీద వ్రాతగా బయటపడుతుంది. కాని ఆ వ్రాతను చదవడంలోనే చిక్కు ఉన్నది.

ఒక పోలిక, ఒక పొరపాటు

1926లో గోల్డ్‌బర్గర్, ఆయన సహచరుడు లిల్లీ తెల్ల ఎలుకలపై చేసిన ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. ఆనాటికి 'బి' విటమిను ఒక్కటి కాదని అనుమానం బలపడుతున్నది. అందులో వేడికి చెడిపోయే భాగం ఒకటి, వేడికి తట్టుకొనే భాగం ఇంకొకటి ఉన్నట్లు కనిపించింది. వీరు మొదటి భాగం అందేటట్లు చూచి, రెండవ భాగాన్ని తొలగించారు. ఎలుకల ఎదుగుదల ఆగిపోయింది. కనురెప్పలు పుసితో అతుక్కుపోయినవి. వెంట్రుకలు రాలినవి. కొన్నింటికి చెవుల మీద, పాదాల మీద చర్మం వాచి పొలుసులు కట్టింది. ఆవిరి ఒత్తిడి కింద బాగా వేడిచేసిన ఈస్టును తినిపిస్తే అవి కోలుకున్నవి.

ఈస్టు పెల్లాగ్రా రోగులకు కూడా పనిచేస్తుందని గోల్డ్‌బర్గర్‌కు అప్పటికే తెలుసు. మనిషికి చేతుల మీద, ఎలుకకు పాదాల మీద. రెండు చోట్లా ఇరుప్రక్కలా సమంగా. రెంటికీ ఈస్టే మందు. ఇన్ని పోలికలు కలిసినప్పుడు రెండూ ఒకటేనని తోచడంలో తప్పేమున్నది? ఆయన మాత్రం జాగ్రత్తగా 'పెల్లాగ్రాను పోలిన స్థితి' అనే అన్నాడు. కాని పేరు నోట బడితే జాగ్రత్త జారిపోతుంది. కొద్ది కాలంలోనే ప్రయోగశాలలలో 'ఎలుక పెల్లాగ్రా' అనే మాట స్థిరపడింది. 1927లో బ్రిటన్‌లో వేడికి చెడే భాగానికి 'బి1' అనీ, తట్టుకొనే భాగానికి 'బి2' అనీ పేర్లు పెట్టారు. అమెరికాలో కొందరు రెండవదానిని గోల్డ్‌బర్గర్ పేరులోని మొదటి అక్షరంతో 'జి' అని పిలిచారు. ఎలుకను పెంచేదీ, ఎలుక చర్మాన్ని నయంచేసేదీ, మనిషి పెల్లాగ్రాను మాన్పేదీ అంతా ఆ ఒక్క 'బి2'యే అనే అభిప్రాయం వ్యాపించింది.

ఆ సమయంలోనే వేరొక జంతువు కూడా గోల్డ్‌బర్గర్ చేతిలో ఉన్నది. అది కుక్క. పెల్లాగ్రా తెచ్చే తిండి పెడితే కుక్కల నోరు పూసి, నాలుక నల్లబడి చచ్చిపోతాయి. దీనిని 'నల్లనాలుక' వ్యాధి అంటారు. కుక్కకు మనిషిలాగా చేతుల మీద మచ్చలు రావు. పైకి చూస్తే పోలిక తక్కువ. పోలిక ఎక్కువగా కనబడింది ఎలుకలోనే. కాని నిజం కుక్క వైపు ఉన్నది. గోల్డ్‌బర్గర్ 1929 జనవరిలో కాన్సరు వ్యాధితో మరణించాడు. తాను వెదికిన పదార్థమేదో ఆయనకు తెలియనేలేదు.

చర్మాలన్నీ ఒకటి కావు

ఈలోగా ఎలుకల చర్మం మరికొన్ని సంగతులు చెప్పసాగింది. 1927లో లండన్‌లోని లిస్టర్ సంస్థలో మార్గరెట్ బోఆస్ అనే పరిశోధకురాలు ఎలుకలకు మాంసకృత్తులుగా ఎండబెట్టిన పచ్చి గుడ్డు తెల్లసొననే పెట్టింది. వాటికి చర్మం పొట్టులేచి, వెంట్రుకలు రాలినవి. కళ్ళ చుట్టూ వెంట్రుకలు ఊడి కళ్ళద్దాలు పెట్టుకున్నట్లు కనబడినవి. దీనిని నివారించే పదార్థమే తరువాత బయోటిన్ అని తేలింది. పచ్చి తెల్లసొనలోని ఒక మాంసకృత్తి బయోటిన్‌ను గట్టిగా పట్టుకొని శరీరానికి అందకుండా చేస్తుంది. గుడ్డును ఉడికిస్తే ఆ పట్టు విడిపోతుంది.

1929లో అమెరికాలో బర్ దంపతులు కొవ్వు పూర్తిగా తీసివేసిన ఆహారం ఎలుకలకు పెట్టారు. వాటి తోకలు పాము చర్మంలాగా పొలుసులు కట్టినవి. పాదాల మీదా పొలుసులు లేచినవి. ఇది విటమిను 'బి' లోపం కాదు. లినోలిక్ ఆమ్లం వంటి, శరీరం తానుగా తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాల లోపం. గాలిలో తేమ తక్కువైతే ఈ పొలుసులు ఎక్కువగా కనబడతాయని తరువాత గమనించారు.

అనగా ఎలుక చర్మం చెడిపోవడానికి ఒకటి కాదు, పలు కారణాలున్నవి. చూపుకు అన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. వెంట్రుకలు రాలడం, పొలుసులు కట్టడం, ఎర్రబారడం - చర్మానికి తెలిసిన భాష అంతే. కాని ఆ భాషలో చిన్న చిన్న భేదాలున్నవి: కళ్ళ చుట్టూనా, తోక మీదనా, పాదాల కొననా? ఇరుప్రక్కలా సమంగా ఉన్నదా? ఏది ఇస్తే మానింది? ఏది ఇచ్చినా మానలేదు? ఈ చివరి రెండు ప్రశ్నలే అన్నిటికంటె ముఖ్యమైనవి.

గ్యోర్గీ అడిగిన ప్రశ్న

ఈ ప్రశ్నలను పట్టుదలగా అడిగినవాడు పాల్ గ్యోర్గీ. ఆయన హంగరీలో పుట్టి, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో శిశువైద్యుడుగా పనిచేసేవాడు. 1933లో ఆయన రసాయన శాస్త్రజ్ఞులైన కూన్, వాగ్నర్-యౌరెగ్‌లతో కలిసి 'బి2' నుండి పసుపుపచ్చని, వెలుగులో పచ్చగా మెరిసే ఒక పదార్థాన్ని శుద్ధరూపంలో తీశాడు. అదే నేడు మనం రైబోఫ్లేవిన్ అనేది. దానితో ఎలుకలు మళ్ళీ పెరగసాగినవి. ఇక 'బి2' రహస్యం విడిపోయిందని చాలామంది భావించారు.

ఆ సంవత్సరమే జర్మనీలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. యూదుడైన గ్యోర్గీ దేశం విడిచి ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చేరాడు. అక్కడ ఎలుకలకు శుద్ధాహారంతో పాటు 'బి1'నూ, శుద్ధమైన రైబోఫ్లేవిన్‌నూ రెంటినీ ఇచ్చి చూచాడు. పాత లెక్క ప్రకారం వాటికి ఏ లోటూ ఉండకూడదు. కాని వారాలు గడిచేసరికి పాదాలు, మూతి, చెవులు, తోక - శరీరపు కొసభాగాలన్నీ - ఎర్రగా వాచి, పొలుసులు కట్టి, ఇరుప్రక్కలా అద్దంలో ప్రతిబింబంలాగా చెడిపోయినవి. రైబోఫ్లేవిన్ ఎంత ఇచ్చినా మానలేదు. ఈస్టు సారం ఇస్తే మానింది.

కనుక ఈస్టులో ఇంకొక పదార్థం ఉన్నది. 1934లో గ్యోర్గీ దానికి 'విటమిను బి6' అని పేరు పెట్టాడు. చిన్నపిల్లలలో చేతులు, పాదాలు ఎర్రబారే 'ఆక్రొడీనియా' అనే జబ్బును ఇది పోలి ఉండడంతో దీనిని 'ఎలుక ఆక్రొడీనియా' అని కూడా అన్నారు. ఇది కూడా పోలికను బట్టి పెట్టిన పేరే. పిల్లల ఆ జబ్బుకు పాదరసపు విషం కారణమని తరువాత తేలింది. పోలిక ఎంత మోసకారియో చూడండి!

ఇప్పుడు వెనుదిరిగి చూస్తే, 1926 నాటి ఎలుకల లక్షణాలలో అధికభాగం రైబోఫ్లేవిన్ లోపానివని గ్రహించగలము. రెండు మూడు లోపాలు కలగలసిన చిత్రానికి ఒకే పేరు పెట్టడంతో చిక్కు మొదలైంది.

మరి ఈ 'బి6' అయినా మనిషి పెల్లాగ్రాకు మందు అవుతుందా? 1935లో బర్చ్, గ్యోర్గీ, హారిస్ అనే ముగ్గురు ఈ విషయాన్ని నేరుగా పరీక్షించారు. ఎలుక చర్మాన్ని మాన్పే పదార్థం, కుక్క నల్లనాలుకను మాన్పే పదార్థం వేరువేరని వారు చూపారు. వారి వాదంలో అన్నిటికంటె బలమైన సాక్షి మొక్కజొన్న. మనిషికి పెల్లాగ్రా తెచ్చేది మొక్కజొన్న తిండి. కాని ఎలుక చర్మాన్ని మాన్పే 'బి6' మొక్కజొన్నలో తగినంత ఉన్నది! రోగం తెచ్చే తిండిలోనే మందు ఉంటుందా? ఉండదు. కాబట్టి 'ఎలుక పెల్లాగ్రా' పెల్లాగ్రా కాదు.

సీసాలో నిద్రించిన మందు

ఎలుకను ప్రక్కనపెట్టి కుక్కను నమ్మినవారికి ఫలితం త్వరలోనే దక్కింది. 1937లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎల్వెజెమ్, ఆయన సహచరులు కాలేయ సారం నుండి నల్లనాలుకను మాన్పే పదార్థాన్ని వేరుచేశారు. అది నికొటినిక్ ఆమ్లపు సంబంధి. చావుకు సిద్ధంగా ఉన్న కుక్కకు 30 మిల్లిగ్రాముల నికొటినిక్ ఆమ్లం ఒక్కసారి ఇస్తే లేచి తిండి తిన్నది. కొద్ది నెలలలోనే వైద్యులు పెల్లాగ్రా రోగులకు దానిని ఇచ్చారు. నోటిపూత, విరేచనాలు, మతిభ్రంశం రోజులలో తగ్గినవి.

ఈ నికొటినిక్ ఆమ్లం కొత్త పదార్థమేమీ కాదు. పందొమ్మిదవ శతాబ్దంలోనే రసాయన శాస్త్రజ్ఞులు పొగాకులోని నికొటిన్ నుండి దానిని తయారుచేశారు. 'విటమిను' అనే మాటను సృష్టించిన ఫుంక్ బెరిబెరి మందు వెదుకుతూ బియ్యపు తవుడు నుండి దానినే వేరుచేశాడు; అది బెరిబెరిని మాన్పకపోవడంతో ప్రక్కన పెట్టాడు. అమెరికాలో లక్షమంది చనిపోతున్న రోజులలో వారి మందు రసాయన శాలల సీసాలలో నిద్రిస్తూ ఉన్నది. లోపించిన పదార్థం దొరకడం కష్టం కాలేదు. దానిని సరియైన రోగానికి, సరియైన జంతువులో పరీక్షించడమే కష్టమైంది.

ఎలుక చర్మం పరిశోధన కూడా ఆగలేదు. 1938లో లెప్కోవ్‌స్కీ, గ్యోర్గీ, కూన్, ఇంకా కెరెస్టెసీ, స్టీవెన్స్, జపానులో ఇచిబా, మిచి - ఇట్లు వేరువేరు చోట్ల పరిశోధకులు ఇంచుమించు ఒకేసారి 'బి6'ను స్ఫటికరూపంలో సంపాదించారు. 1939లో హారిస్, ఫోకర్స్ అమెరికాలోను, కూన్ జర్మనీలోను దానిని కృత్రిమంగా తయారుచేశారు. ఆ సంవత్సరమే దానికి 'పిరిడాక్సిన్' అనే పేరు వచ్చింది. ఆ 1939లోనే మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆయనతో పనిచేసిన హిచింగ్స్, ఎలుక పోషణలో పాంటొథెనిక్ ఆమ్లం పాత్రను గురించి అమెరికాలో ప్రకటించారు. అది కూడా 'బి' కుటుంబంలోనిదే. అది లోపిస్తే నల్ల ఎలుకల వెంట్రుకలు నెరసిపోతాయి. ఒక్కటే అనుకున్న 'బి2' ఈ విధంగా పెద్ద కుటుంబమై నిలిచింది.

ఎలుకకు పెల్లాగ్రా ఎందుకు రాలేదు?

నికొటినిక్ ఆమ్లం లేకపోయినా ఎలుకకు ఆ జబ్బు ఎందుకు రాలేదన్న ప్రశ్న మిగిలింది. దీనికి 1945లో విస్కాన్సిన్‌లోనే జవాబు దొరికింది. క్రెల్, టెప్లీ, శర్మ, ఎల్వెజెమ్ ఎలుకలకు కేసిన్ తగ్గించి, మొక్కజొన్న హెచ్చించారు. అప్పుడు ఎలుకల ఎదుగుదల కుంటుపడింది. నికొటినిక్ ఆమ్లం ఇచ్చినా సరిపోయింది. ట్రిప్టొఫేన్ అనే ఎమైనో ఆమ్లం ఇచ్చినా సరిపోయింది. శరీరం ట్రిప్టొఫేన్ నుండి నికొటినిక్ ఆమ్లాన్ని తానే తయారుచేసుకోగలదు. మనిషిలో సుమారు 60 మిల్లిగ్రాముల ట్రిప్టొఫేన్ ఒక మిల్లిగ్రాము నికొటినిక్ ఆమ్లానికి సమానం. పాల కేసిన్‌లో ట్రిప్టొఫేన్ పుష్కలం, మొక్కజొన్నలో స్వల్పం.

అనగా అంతకుముందు శాస్త్రజ్ఞులు ఎలుక పళ్ళెం నుండి ఒక చేతితో నికొటినిక్ ఆమ్లాన్ని తీసివేసి, రెండవ చేతితో కేసిన్ రూపంలో దానినే వడ్డించారు. ఎలుక అబద్ధమాడలేదు. దానికి పెట్టిన తిండిని బట్టి నిజమే చెప్పింది.

దీనిలో ఇంకొక విశేషం ఉన్నది. ట్రిప్టొఫేన్ నికొటినిక్ ఆమ్లంగా మారే దారిలో ఒక మెట్టు దాటించే ఎంజైము పనిచేయడానికి 'బి6' కావాలి. వేరువేరని తేలిన మనిషి పెల్లాగ్రా, ఎలుక చర్మవ్యాధి శరీర రసాయనంలో ఒకే దారి మీద నిలిచి ఉన్నవి! 1940వ దశకంలో స్నెల్ మొదలగువారి కృషి వలన 'బి6' మూడు రూపాలలో ఉంటుందనీ, శరీరంలో మాంసకృత్తులకు సంబంధించిన ఎన్నో ఎంజైములకు తోడుగా నిలుస్తుందనీ తెలిసింది. అట్టి ఎంజైములు నూరుకు పైగా ఉన్నవని నేడు ఎరుగుదుము.

మనిషిలో 'బి6' లోపం

'ఎలుక విటమిను'గా పుట్టిన బి6 మనిషికి అవసరమా? 1950లో అమెరికాలో ముల్లర్, విల్టర్ అనే వైద్యులు బి6 పనికి అడ్డుపడే ఒక రసాయనాన్ని కొందరు వ్యక్తులకు ఇచ్చి చూచారు. వారి కళ్ళు, ముక్కు, నోరు - వీటి చుట్టూ చర్మం జిడ్డుగా, పొలుసులుగా మారింది. ఇతర బి విటమినులతో తగ్గలేదు, పిరిడాక్సిన్‌తో తగ్గింది. మనిషి చర్మం కూడా ఈ లోపాన్ని చెబుతుంది. కాని ఎలుక చెప్పే చోట కాదు. ఎలుకకు పాదాల మీద, మనిషికి ముఖం మీద.

ఆ తరువాతి పాఠం మరింత కఠినమైనది. 1950వ దశకపు తొలి సంవత్సరాలలో అమెరికాలో డబ్బాపాలతో పెరుగుతున్న కొందరు చంటిపిల్లలకు ఉన్నట్టుండి మూర్ఛలు రాసాగినవి. తల్లిదండ్రులు హడలిపోయారు. చర్మం మీద మచ్చ లేదు, జ్వరం లేదు. పరిశీలించగా పాలను సూక్ష్మజీవరహితం చేయడానికి బాగా వేడిచేసిన ఒక తయారీ విధానంలో బి6 చాలావరకు నశించిందని తేలింది. పిరిడాక్సిన్ ఇవ్వగానే మూర్ఛలు ఆగినవి. 1953, 1954 సంవత్సరాలలో వైద్య పత్రికలలో ఈ వివరాలు వెలువడ్డాయి.

ఇది ఎవ్వరూ ఊహించరానిది కాదు. 1940లోనే ఇంగ్లండులో హారియెట్ చిక్, ఆమె సహచరులు బి6 లేని ఆహారంతో చాలాకాలం పెంచిన ఎలుకలకు మూర్ఛలు రావడం గమనించి ప్రకటించారు. ఎలుక ముందే చెప్పింది. కాని 'ఎలుక చర్మపు విటమిను' అని ముద్రపడిన పదార్థం చంటిపిల్లల మెదడుకు కావలసినదని ఎందరికి తట్టుతుంది? మొదట పేరు మనలను పెల్లాగ్రా వైపు దారి తప్పించింది. తరువాత అదే చర్మపు ముద్ర మెదడు వైపు చూడనీయలేదు.

మన జొన్న, మన ప్రయోగశాల

ఈ కథ మన ప్రాంతానికి కూడా వచ్చింది. పెల్లాగ్రా మొక్కజొన్న జబ్బని ప్రపంచమంతా వ్రాసుకొన్నది. కాని దక్కను పీఠభూమిలో జొన్నలు తినే పేద కూలీలలో అది కనబడింది. 1918లో కూనూరులో మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగం పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి అదే జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ గోపాలన్, శ్రీకంటయ్య గార్లు 1960లో ఒక కొత్త ఊహను ప్రకటించారు. జొన్నలో ట్రిప్టొఫేన్ మొక్కజొన్నలోవలె మరీ తక్కువ కాదు. కాని ల్యూసిన్ అనే మరొక ఎమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్నది. ఆ హెచ్చు వలన నికొటినిక్ ఆమ్లపు వ్యవహారం చెడుతున్నదని వారి వాదం. జొన్న ఆహారంతో కుక్కలలో నల్లనాలుకను కూడా ఆ సంస్థలో పుట్టించారు. 1976లో కమలా కృష్ణస్వామి గారు, సహచరులు ల్యూసిన్ వలన మనుషులలో కలిగే మార్పులను బి6 సరిచేస్తుందని వ్రాశారు. ఈ వాదాన్ని ఇతర దేశాల పరిశోధకులందరూ ఒప్పుకోలేదు. అయినా గోల్డ్‌బర్గర్ కుక్క, గ్యోర్గీ ఎలుక మన జొన్నచేను గట్టున మళ్ళీ కలుసుకున్నవి.

మరొక చోట కూడా ఈ విటమిను మన ఇళ్ళలోకి వస్తుంది. 1952 నుండి క్షయకు ఐసోనియజిడ్ అనే మందు వాడుకలోకి వచ్చింది. అది శరీరంలోని బి6కు అడ్డుపడుతుంది. కొందరికి కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, మంటలు పుడతాయి. పిరిడాక్సిన్ ఇస్తే దీనిని నివారించవచ్చునని 1954లో తేలింది. క్షయ మందులతో పాటు వైద్యుడు ఒక బి6 మాత్ర కూడా వ్రాసియిస్తే, దాని వెనుక పాదాలు వాచిన ఒక తెల్ల ఎలుక ఉన్నదని మనం తలచుకోవచ్చు.

ఇక నా విద్యార్థుల ప్రశ్నకు జవాబు. ఎలుక జబ్బును చూచి మనిషికి మందు చెప్పవచ్చునా? చూచి మాత్రం చెప్పకూడదు. రెండు చర్మాలు ఒకలాగా కనబడినంత మాత్రాన రెండు రోగాలు ఒకటి కావు. ఏ పదార్థం తీసివేస్తే జబ్బు వచ్చింది, దేనితో మానింది, మిగిలినవి ఇచ్చినా మానలేదా, ఇది మనిషిలో కూడా నిలిచిందా - ఈ నాలుగూ సరిచూచిన తరువాత చెప్పవచ్చు. కొండను తవ్వినవారు ఎలుకను పట్టారు, నిజమే. దానిని పెల్లాగ్రా అని పిలిచినంతకాలం అది వారికి దారి చూపలేదు. దానిని ఎలుకగానే చూచిన నాడు, చంటిపిల్లలకూ క్షయరోగులకూ పనికివచ్చే మాట చెప్పింది.